గాడి లేని దవడ

ఆవిణ్ణి ల్యాబులో అందరూ పళ్ళ మేడం అనేవారు. ఎవరైనా ఎదురుపడితే ముందు పళ్ళు చూసి, ఆనక మొహం చూస్తుందని ఆ పేరు. ఆవిడ పని రాళ్ళలో ఇరుక్కున్న పాత ఎముకల్ని బయటికి తీసి, ఏ జంతువువో తేల్చడం.

వయసులో ఉండగా ఒకే రాతిలోంచి చుంచెలుకంత జంతువు పైదవడ ముక్క, కింది దవడ తీసింది. రాక్షసబల్లుల కాలం నాటిది, పాలిచ్చే జంతువులకు తొలి చుట్టం. తెలిసిన వాటిలో ఎక్కడా ఇమడకపోతే, పైదవడను ఆధారం చేసుకుని కొత్త ప్రజాతిగా పేరు పెట్టింది. కింది దవడ లోపలివైపు ఒక గాడి ఉంది. ఇప్పుడు మన చెవిలో ఉన్న చిట్టి ఎముకలు ఒకప్పుడు దవడ వెనక అతుక్కుని ఉండేవి. ఆ గాడి వాటి చోటు. కాబట్టి వంశవృక్షంలో ఇది మొదట్లోనే చీలిన కొమ్మ అని తేల్చేసింది.

అదే ల్యాబులో పనిచేసే తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు.

"ఒకే బస్సెక్కిన వాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా అక్కా? ఆ కింది దవడ ఇంకెవరిదో!"

"నోరు మూసుకుని పని చూసుకో" అనేది ఆవిడ.

ఇన్నేళ్ళకి అదే జంతువు తల మొత్తం దొరికింది. పాత పైదవడలో లాగే మూడు మొనలు వరసగా ఉన్న పై పళ్ళు. కింది దవడ తలకే అతుక్కుని ఉంది. దాని లోపలివైపు మాత్రం ఇంకా రాతిలోనే ఉంది.

ఆవిడ రాయి గీకే సూది అందుకుంది. చెయ్యి వణికింది. నెలల తరబడి దాచుకొచ్చిన వణుకు అది. తమ్ముడు చూడనే చూశాడు. సూది ఇమ్మని చెయ్యి చాపాడు.

"గాడి ఉంటే గీరేస్తావు నువ్వు" అందావిడ.

"పక్కనే కూర్చుని చూడు. ఆపమన్న చోట ఆపుతాను."

ఇద్దరూ ఒకేసారి చూసే మైక్రోస్కోపు అది. రాయి పొడిపొడిగా రాలుతోంది. ఉన్నట్టుండి సన్నటి పగులు పన్ను వైపు పాకింది.

"ఆగు!"

తమ్ముడు సూది మొనతో పన్నుని ఒత్తి పట్టాడు. "వదిలితే దవడ రెండు ముక్కలే. జిగురు నువ్వే వెయ్యాలి."

"నా వల్ల కాదురా."

"నా చేతి మీద చెయ్యి ఆనించు. ఊపిరి బిగబట్టు."

ఆవిడ మణికట్టు అతని చేతి మీద ఆనించింది. మొదటి చుక్క పక్కకి పోయింది. ఒళ్ళంతా చెమట. రెండోది పగుల్లోకి ఇంకింది. అది ఆరేదాకా ఇద్దరూ కదల్లేదు.

తర్వాత మిగిలిన రాయి విడిపోయింది. దవడ లోపలివైపు నున్నగా ఉంది.

"గాడి లేదు" ఆవిడే అంది. "నువ్వన్నదే నిజం."

"చెయ్యి ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"గెలిచినవాడివి, ఆ సంగతి మాట్లాడు."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పద."

ఆవిడ రెండు రోజులు ల్యాబుకి రాలేదు. మూడో రోజు వచ్చి, పాత కింది దవడని తన చేత్తోనే వేరే పెట్టెలోకి మార్చింది. పొరపాటు తనదేనని తనే రాసి సైన్సు పత్రికకు పంపింది. పైదవడ మీద పెట్టిన ప్రజాతి పేరు నిలిచింది, వంశవృక్షంలో దాని కొమ్మ మారింది. మందులతో వణుకు సగం తగ్గిందిగానీ, సూది మళ్ళీ పట్టలేదు. తమ్ముడి పక్కన కూర్చుని, అతను రాయి ముట్టుకున్నప్పుడల్లా తిడుతూ ఉంటుంది.