పడవ బల్ల మీద గీత

ఆ రోజుల్లో మా ఏజెన్సీ కొండల్లో నిగనిగలాడే చెక్క చూడాలంటే చెప్పులు గుమ్మంలో విప్పి చర్చిలోకి వెళ్ళాల్సిందే. అక్కడి బల్లల వార్నిష్‌లో మొహం చూసుకుంటూ ప్రసంగం వినడం నా పాపాల్లో ఒకటి. (మిగతావి ఇక్కడ అనవసరం.) మా నాన్న రిజర్వాయరు మీద పడవ నడిపేవాడు. దానికి ఏటా గుగ్గిలం, నూనె కలిపి కాచి పూసేవాడు. చుక్క నీరు దిగేది కాదు గానీ, ఎండెక్కితే బల్లలు జిగటగా మారి చీరలకి నల్ల మరకలు అంటేవి. ఇంతలో రేవులోకి ఇంజను పడవ వచ్చింది, జనం అటు మళ్ళారు. నాన్నకి ముద్ద దిగడం మానేసింది.

అప్పుడే పదో తరగతి గట్టెక్కిన నేను రంగంలోకి దిగాను. "అడుగుకి నీ గుగ్గిలమే ఉంచు నాన్నా, ఎండా వానా పడే బల్లలకి వార్నిష్ వేద్దాం" అన్నాను. పార్వతీపురంలో వడ్రంగం చేసే మావయ్య డబ్బా పంపాడు. పాత జిగురు గీకడం, గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం, పూయడం, ఆరాక మళ్ళీ రుద్ది మళ్ళీ పూయడం. మంచుకి ఆరక, పడవని రోజూ ఎండలోకి లాగించేదాన్ని. "ఏటే గుంటా, పడవకి పెళ్ళి సేత్తన్నావా?" అనేవాడు నాన్న.

సంతరోజు జనం వచ్చారు, బల్లలు చూశారు, బుద్ధిగా చెప్పులు గట్టుమీద విప్పేశారు! ఎక్కిన కొద్దిమందీ చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి కూర్చున్నారు. కోళ్ళూ బుట్టలూ ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కనే లేదు. "ఇంత నునుపు మీద కోడి రెట్టేత్తే పాపం కాదేటి?" అంటూ ఓ అవ్వ ఇంజను పడవ వైపు నడిచింది, వెనకే మిగతావాళ్ళు.

గట్టుమీద నుంచి ఇదంతా చూస్తున్న అమ్మ, పసుపుకొమ్ముల బుట్ట తెచ్చి బల్లమీద దభీమని పడేసి, ఈ చివర నుంచి ఆ చివరకి బర్రున లాగింది. ఇంత పొడుగు గీత! నా గుండె మీద గీసినట్టే అయింది. "ఇంకేటి సూత్తారు? బేగి ఎక్కండి!" అంది. అవ్వ వెనక్కి తిరిగింది. కోళ్ళూ, బుట్టలూ, తగవులూ అన్నీ ఎక్కేశాయి.

తర్వాత ఏటా వానలు వెళ్ళాక బల్లలు రుద్ది కొత్త పూత వేసేవాళ్ళం. గీత దగ్గరికి రాగానే నాన్న నా చెయ్యి పట్టుకుని, "దాన్ని అరగదియ్యకే గుంటా, మనకి కూడెట్టింది అదే" అనేవాడు.

ఈమధ్య మెరిసే డైనింగు టేబులొకటి కొన్నాను. వచ్చినవాళ్ళంతా టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని, అంచున కూర్చుని, బేగి లేచిపోతున్నారు. అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. నిన్న నేనే ధైర్యం చేసి కూరగాయల బుట్ట ఎత్తాను. చివరికి టేబులు మీద తువ్వాలు పరిచి, దానిమీద మెల్లగా దించాను.