గంటకు తొమ్మిది మైళ్ళు

తెల్లవాళ్ళు వెళ్ళిపోయి, ఏ ఊరు ఏ రాష్ట్రంలోకి పోవాలని పెద్దవాళ్ళు గొంతులు చించుకుంటున్న ఆ రోజుల్లో నేను గుడియాత్తంలో ఒక బడికి కొత్తగా వచ్చిన లెక్కల మాస్టరును. పంతొమ్మిదేళ్ళు. మీసం ఇంకా సరిగా రాలేదు కానీ గర్వం మాత్రం పూర్తిగా వచ్చేసింది. దొంగ ముందు పరిగెత్తుతాడు, పోలీసు వెనక తరుముతాడు, ఎప్పుడు పట్టుకుంటాడు అనే లెక్కంటే నాకు ప్రాణం. (ఇద్దరి వేగాల్లో తేడా తీసి, మధ్యనున్న దూరాన్ని దానితో భాగించడమే. ఇంత సులువైన పనికి పోలీసులు ఎందుకు అవస్థపడతారో నాకు అర్థమయ్యేది కాదు.)

ఒక రోజు పది గంటలకు ఆ లెక్కే చెబుతుండగా అక్క వాళ్ళ ఎదురింటి పెద్దమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "అబ్బయా, మీ అక్కకు కడుపునొప్పి జాస్తి అయిపోయినాది. కూసోలేకుండా ఉండాదని మీ బావ ఇప్పుడే బండిలో పండబెట్టుకోని వేలూరు ఆస్పత్రికి బయల్దేరినాడు. నిన్ను చూడాలంటాండాది. సీక్రం పో నాయనా!"

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అక్కే. ఆమెకు కడుపునొప్పి కొత్త కాదు. అప్పుడే పరిగెత్తితే బజారు దాటకముందే బండిని అందుకునేవాణ్ణి. కానీ అందులో లెక్కేముంది? బోర్డు వైపు తిరిగాను. ఎద్దుల బండి గంటకు మూడు మైళ్ళు, నా సైకిలు తొమ్మిది, వేలూరు ఇరవై మైళ్ళ దూరం. అది వేలూరు చేరేలోపు పట్టుకోవాలంటే నేను ఎంత ఆలస్యంగా బయలుదేరవచ్చు? పిల్లలు పలకల మీద గీకారు. "రెండింటికి పోయినా పద్దెనిమిదో మైలుకాడ పట్టేస్తారు సార్!" అని ఒక పిల్ల అరిచింది. భేష్ అన్నాను. పాఠం ముగించి, అన్నం తిని, సైకిలుకు నూనె కూడా పోసుకుని సరిగ్గా రెండింటికి ఎక్కాను.

పాలారు దాకా నా లెక్క నిలిచింది. వేలూరికి అడ్డదారిన పోయే బండ్లు అక్కడ ఎండిన ఏటిలో దిగి ఆవలి గట్టుకు పోతాయి. ఆ ఇసుకలో సైకిలు ఒక్క అడుగు కదల్లేదు. అంతవరకూ నేను దాని మీద ఎక్కాను, అక్కడినుంచి అది నా మీద ఎక్కింది.

ఆవలి గట్టున, రోడ్డు పక్కన మా బండి కనబడింది. "పట్టేశాను!" అని నిజంగానే అరిచాను. దగ్గరికి పోతే గడ్డీ చాపా తప్ప లోపల ఎవరూ లేరు. బండాయన ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు.

"యాడికి పోయినారు?" అన్నాను.

"నొప్పి తాళలేకపోయినాదప్పా. రోడ్డున పోయే లారీ నిలిపి ఎక్కించినాము" అన్నాడు. నా ముఖం చూసి మెల్లగా చెప్పాడు. "ఏటికి ఆ పక్క గంటసేపు బండి ఆపించినాది ఆ తల్లి. 'నా తమ్ముడు ఎనకాలే వస్తాంటాడు, వానికి సైకిలు ఉండాది' అనింది. మీ బావ ఎంత చెప్పినా ఇనలేదు."

నేను వేలూరు చేరేసరికి బావ ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. అక్క అప్పటికే పోయింది. ఆ గంట ఆగకుండా పోయి ఉంటే అక్క బతికేదా అని నేను ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. భయం.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ లెక్కనే చెప్పాను. ఆ ఇసుకనూ, పిల్లలతో అన్న ఆ భేష్‌నూ తలచుకుంటే ఆ కుర్ర మాస్టరు మీద ఇప్పటికీ నవ్వొస్తుంది. లెక్కలో ముందు పోయేవాళ్ళు వెనక వచ్చేవాడి కోసం ఎప్పుడూ ఆగరు. మా అక్క ఆగింది.