పండుగకు ముందే పూయాల్సిన చేమంతి

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ లెక్కలో నేను ఒక వర్షాకాలమంతా గంజాయి పండించాను. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టకుండా "మూడో అంతస్తులో అనుమానాస్పద కార్యకలాపాలు" అని రాశాడు. మూడో అంతస్తులో ఉన్నవి రెండే ఫ్లాట్లు. ఒకటి మాది, రెండోదానికి రెండేళ్ళుగా తాళం. తాళం వేసిన ఇల్లు ఏ కార్యకలాపాలూ చేయదు కాబట్టి, ఆ మాట నన్నే అన్నాడని పిల్లలకు కూడా అర్థమైంది.

నేను పండించింది చేమంతి. అదీ మా అమ్మ చేమంతి.

అమ్మ తగరపువలసలో ఉన్నప్పటి మొక్క అది. చిట్టి పసుపు పువ్వులు, ఆకు నలిపితే చేతికి సాయంత్రం దాకా వాసన. కూర్మన్నపాలెం వచ్చేటప్పుడు సామాన్ల లారీలో కాకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. దానికి ఒకటే రోగం, ఆలస్యంగా పూయడం. మా కతోలిక క్రైస్తవులకు నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు మా అమ్మమ్మ సమాధి మీద ఇంట్లో పూసిన పువ్వు పెట్టాలని అమ్మ ప్రతి ఏడూ ఆశపడేది. అది డిసెంబరుకు గానీ విచ్చేది కాదు. చివరికి పూర్ణా మార్కెట్లో దండ కొనుక్కుని, బస్సులో శ్మశానం దాకా ఆ మొక్కను తిట్టుకుంటూ వచ్చేది.

మొన్న జనవరిలో అమ్మ పోయింది. సమాధిలో ఆమెకు ఈ నవంబరుదే మొదటి పండుగ. ఆ పండుగకు ఆ పువ్వులే పెడతానని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. జీవితమంతా ఆమెకు కుదరనిది నేను కుదిర్చి చూపిస్తానన్న పంతం. దుఃఖం కూడా ఉంది, కాదనను. కానీ నా దుఃఖం ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది.

నేను స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. ఏ మీటరు ఎందుకు తప్పు చూపిస్తోందో, ఏ వాల్వు ఎందుకు తెరుచుకోవడం లేదో కనిపెట్టడం నా ఉద్యోగం. చేమంతి ఎందుకు ఆలస్యం చేస్తుందో కనిపెట్టడం ఎంతసేపు? రాత్రులు పెరిగితేనే అది మొగ్గ వేస్తుంది. దాని లెక్కకు సరిపడా రాత్రి మన దగ్గర చలికాలానికి గానీ రాదు. అయితే ఆగస్టులోనే దానికి పెద్ద రాత్రులు చూపిస్తే సరి. బాల్కనీలో కుండీలు పెడితే నీళ్ళు కింది వాళ్ళ బట్టల మీద పడుతున్నాయని అసోసియేషన్ ఎలాగూ నిషేధం పెట్టింది. అందుకని అమ్మ గదిలోకే నాలుగు కుండీలు చేర్చాను. కిటికీకి నల్ల గుడ్డ కట్టాను. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా ఊదా రంగు లైటు, అయిదు దాటితే కటిక చీకటి.

ఎలా చేయాలో ఫోనులో వెతికితే వచ్చిన వీడియోలన్నీ గంజాయివే. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో బట్టల బీరువాల్లో గంజాయి పెంచుకుంటూ, ఆకు పసుపెక్కితే ఏం చేయాలి, కొస మాడితే ఏం చేయాలి అని తీరిగ్గా చెబుతున్నారు. గంజాయి కూడా చేమంతిలాగే చీకటి చూసుకుని పూసే మొక్కట. వాళ్ళ కష్టాలే నా కష్టాలు. సిగ్గుపడకుండా అన్నీ చూశాను. బాల్కనీలో కూర్చుని సౌండు పెట్టుకుని మరీ చూశాను. సెక్రటరీ బాల్కనీ సరిగ్గా మా కిందే.

కష్టాలు వరసగా వచ్చాయి. అడుగు ఆకులు పసుపెక్కాయి. ప్రేమ ఎక్కువై నీళ్ళు ఎక్కువ పోశానని తేలింది, తగ్గించాను. ఆకుల కొసలు మాడాయి, ఎరువు సగం చేశాను. కాడలు బలం లేకుండా సాగిపోయాయి, లైటు కిందికి దించాను. మన ఊరి ఉక్కకు మూసిన గదిలో ఆకుల మీద తెల్ల బూజు పట్టింది. చిన్న ఫ్యాను పెట్టి, పట్టిన ఆకులు గిల్లేశాను. ఆగస్టు అయిపోయేసరికి నాలుగు మొక్కలూ ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. వారం ఆగాను. సెప్టెంబరు మొదటి వారం గడిచింది, ఆకుల మీద ఆకులు వేస్తున్నాయి తప్ప మొగ్గ లేదు. తలుపు సందు, కిటికీ అంచు, ఫ్యాను స్విచ్చు మీద వెలిగే ఎర్ర చుక్క, అన్నిటికీ నల్ల టేపు అంటించాను. తప్పు ఎక్కడుందో దొరకలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను ఇంత ఏడిపించిన మెషీను లేదు.

అప్పుడే ఒక సాయంత్రం ఆరున్నరకి సెక్రటరీ ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆ గదిలో ఏటి సేత్తన్నారు మేడమ్? ఓపాలి తలుపు తియ్యండి," అన్నాడు సెక్రటరీ.

"తియ్యను. పొద్దున్న ఏడింటికి రండి, దగ్గరుండి సూపిత్తాను."

"సూసారా సార్? రాత్రికి రాత్రి మాయం సేసేత్తాది!"

నాతో ఉండే మా పిన్ని, అమ్మకు సొంత చెల్లెలు, వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. అయిదు దాటాక లైటు పడితే నెల రోజుల కష్టం గంగలో కలుస్తుందని, పోలీసు కాదు కలెక్టరు వచ్చినా తీయనని చెప్పేశాను. కానిస్టేబుల్ పెద్దాయన. శ్రీకాకుళం వైపు రైతు ఇంటివాడని మాటలోనే తెలుస్తోంది. అరవలేదు.

"లైటు ఎయ్యనమ్మా. టార్చీ కూడా ఎయ్యను. లోనికెల్లి ఆకు ముట్టుకుని వచ్చేత్తాను. సాలా?"

హాల్లో లైటు ఆర్పించి, తలుపు జానెడు తీసి పంపాను. నేనూ వెనకే వెళ్ళాను. ఆయన కుండీ తడుముకుని ఒక ఆకు తుంచాడు. నలిపాడు, వాసన చూశాడు.

"సామంతి," అన్నాడు. "మా అమ్మ ఏసేది పెరట్లో. సెక్రటరీగారూ, మీరు కిందికెల్లిపోండి."

అంతటితో ఆగితే బాగుండేది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాడు.

"సీకటి సీకటి అంటన్నావు గదమ్మా. మరి ఆ ఎర్రలైటేటి?"

గోడ మీద యేసు తిరుహృదయం పటం. పటం కింద ఎర్ర జీరో బల్బు, స్విచ్చు లేకుండా నేరుగా వైరుకు కలిపింది. అమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని ఆర్పలేదు. అమ్మ పోయాక పిన్ని ఆర్పనివ్వలేదు, సంవత్సరీక పూజ దాకా వెలగాలని మొక్కుకుంది. ఫ్యాను స్విచ్చు మీద ఆవగింజంత వెలుగుకు టేపు వేసినదాన్ని, కుండీలకు రెండడుగుల దూరంలో రాత్రంతా వెలిగే బల్బును నెల రోజులు చూడలేదు. చూడలేదని కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అది పటంలో భాగమే అనుకున్నాను, లైటు అనుకోలేదు. ఫోను తీసి చూస్తే, చీకటిలో మొక్కను అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఎర్ర వెలుగేనట.

"అయిదింటికి బల్బు తీసేద్దాం పిన్నీ, పొద్దున్న ఏడింటికి మళ్ళీ పెట్టేద్దాం," అన్నాను.

"నా పేనం పోయినా తియ్యను."

"పోనీ పటం హాల్లో పెడదాం."

"అక్క పోయింది ఈ గదిలో. దీపం ఈ గదిలోనే ఉండాల. పువ్వులకోసరం దేవుడి దీపం ఆర్పేత్తావేటే? మీ అమ్మ సూత్తే ఏటంటాది?"

"పండక్కి పూయించమంటాది!" అని అరిచాను. స్టూలెక్కి, కాలుతున్న బల్బును కొంగుతో పట్టుకుని ఊడదీశాను. గది నిజంగా చీకటైంది. పిన్ని ఆ చీకట్లోనే ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఓదారిస్తే బల్బు మళ్ళీ పెట్టేస్తానని భయం. అప్పటి నుంచి రోజూ పొద్దున్న ఏడింటికి బల్బు పెట్టడం, సాయంత్రం అయిదింటికి తీయడం.

పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. వండి పెట్టేది, ఎదురుగా కూర్చునేది కాదు. పది రోజుల తర్వాత నాకు రెండో షిఫ్టు పడింది. మధ్యాహ్నం రెండుకు ఎక్కితే రాత్రి పదికి దిగాలి. అయిదింటికి ఇంట్లో ఉండేది పిన్ని ఒక్కతే. ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. అడగకుండానే వెళ్ళిపోయాను. కంట్రోల్ రూములో కూర్చున్నానే గానీ, ఆ రోజు అయిదింటికి గడియారం చూడటానికి ధైర్యం చాలలేదు. ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద, గుడ్డలో చుట్టి, బల్బు ఉంది. వారమంతా అలాగే ఉంది. మాట మాత్రం లేదు.

సెప్టెంబరు చివర్లో మొదటి మొగ్గ కనిపించింది, మిరియపు గింజలో సగం. అక్టోబరంతా వాటిని లెక్కపెట్టుకుంటూ గడిపాను. పోగొట్టుకున్న నెల పోయినట్టే. నవంబరు రెండు పొద్దున్న నాలుగు కుండీల నిండా మొగ్గలున్నాయి. విచ్చినవి మూడు, అవీ ఒకే కుండీలో.

ఆ కుండీ ఎత్తుకుని ఆటో ఎక్కాను. పిన్ని పక్కన కూర్చుంది. శ్మశానం నిండా కొవ్వొత్తులు, మార్కెట్ దండలు. కొన్ని సమాధులు పువ్వుల కింద కనపడటమే లేదు. మాకు వరసకు అత్తయ్య ఒకావిడ వచ్చి చూసి, "ఇంత గొడవా సేసి మూడు పువ్వులేనేటే?" అంది.

"మూడే. ఇంకోడి తోటలోవి కావు," అన్నాను. కోపంతోనే అన్నాననుకున్నాను, కానీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

పిన్ని వంగి ఒక పువ్వు తుంచి అమ్మ సమాధి మీద పెట్టింది. రెండోది పక్కనే అమ్మమ్మకు పెట్టింది. మూడోదాన్ని కూడా అమ్మకే పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

"శ్మశానంలో తల్లో పువ్వు ఎట్టుకోకూడదు పిన్నీ. అందరూ సూత్తన్నారు."

"సూడనీ. నాను సెప్తన్నాను, కదలకు," అంది. రెండు నెలల తర్వాత నాతో ఆమె ఆడిన మొదటి మాట అది. "మా అక్క ఉంటే ముందు నీకే ఎట్టేది."

నా జడలోంచి పిన్ను తీసి పువ్వు గుచ్చింది. ఫాదర్ సమాధుల మీద పవిత్ర జలం చల్లుకుంటూ మా వరసలోకి వచ్చారు. ఆడవాళ్ళంతా నా తల వైపే చూస్తున్నారు. నేను కొంగు కప్పుకోలేదు.