తోరున్ గుండెలో దారి తప్పిన చోటు

నార్వేలో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఫ్యోర్డు అనే సముద్రపు పాయను దాటించే ఫెర్రీలో పెనం ముందు తోరున్‌కు అది పంతొమ్మిదో ఏడు. మెత్తటి స్వేలె అట్లు వేసి, మధ్యలో గోధుమరంగు జున్ను పెట్టి, మడిచి ప్రయాణికుల చేతికిచ్చేది.

పుట్టినప్పుడే ఒళ్లు నీలంగా ఉన్న పిల్ల. మూడో ఏట ఓస్లోలో గుండె కోసి, లోపలి రంధ్రానికి మాసిక వేశారు. బాగైపోయిందన్నారు. అందరితోపాటు ఆమె కూడా నమ్మింది.

ముప్పై దాటాక ఆ గుండె ఉన్నట్టుండి పరుగందుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి చేరేలోపే సద్దుమణిగేది. ఈసీజీలో గీతలు బుద్ధిగా ఉండేవి. "కంగారు తగ్గించుకోండి," అని ఊరి డాక్టరు నాలుగుసార్లు చెప్పాడు. ఇక ఆమె వెళ్లడమే మానేసింది.

ఒక అక్టోబరు ఉదయం పిండిగిన్నె జారవిడిచి అక్కడే కూలబడింది. డెక్కు మీద కార్లు సర్దే లైదుల్ఫ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

"ఏం లేదు. నరాల బలహీనత."

"నరాలకి పెదాలు ఇంతలా పాలిపోతాయా? నా దగ్గరా నాటకాలు? నోర్మూసుకుని, రేవు రాగానే నా కారెక్కు!"

ఆ రోజు ఆసుపత్రికి చేరినా గుండె పరుగు ఆగలేదు. ఈసీజీకి దొరికిపోయింది. ఆమెను బెర్గెన్ పంపారు.

అక్కడి డాక్టరు గున్వర్ ఆమెకంటే చిన్నది. "చిన్నప్పటి కోత మానింది గానీ మచ్చ మిగిలింది. గుండెను కొట్టించే కరెంటు ఆ మచ్చ చుట్టూ తిరుగుతోందని నా అనుమానం. సరిగ్గా ఎక్కడో వెతకాలి," అంది.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, గుండె లోగోడను చోటుచోటునా తాకి చూశారు. తెర మీద రంగురంగుల బొమ్మ తయారైంది. తర్వాత కావాలనే గుండెను రెచ్చగొట్టారు. పరుగు మొదలైంది.

"మీకొచ్చేది ఇదేనా?"

"ఇదే! అచ్చం ఇదే!" తోరున్ కళ్లు నిండాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు. మీకూ కనబడుతోందా?"

"కనబడకేం! ఇదిగో, ఈ మచ్చ అంచునే తిరుగుతోంది."

ఆ అంచును తీగ కొసతో కాల్చారు. పరుగు టక్కున ఆగింది. మళ్లీ రెచ్చగొట్టినా రాలేదు. ఇంకోచోట దారి తెరుచుకోవచ్చనీ, ఏటా వచ్చి చూపించుకోవాలనీ గున్వర్ దాచకుండా చెప్పింది.

ఊరికి రాగానే తోరున్ ఆ కాగితాలు తీసుకెళ్లి పాత డాక్టరు బల్ల మీద పెట్టింది. అనాల్సిన మాటలు దారంతా మనసులో కూర్చుకుంది. ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"మీ మాట వినాల్సింది నేను. తప్పు చేశాను. కూర్చోండి, మొదట్నుంచీ చెప్పండి."

దారంతా కూర్చుకున్న ఆ నిష్ఠూరాలన్నీ పక్కన పెట్టింది. కోటు విప్పి కూర్చుని, మొదటిసారి గుండె అదిరిన రోజు నుంచి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.