ఏటా ఒక బుట్ట

సాటి మనిషి చావు మీద బేరమాడి ఓడిపోయిన ఘనత నూజివీడు బజారులో నాదే. ముసునూరు రైతు దగ్గర మామిడితోట కాపు పదేళ్లకు కొన్నాను. అన్నవాహికకు క్యాన్సరొచ్చి, మద్రాసులో ఆపరేషన్ చేయించుకొచ్చిన మనిషి.

"ధర తగ్గిస్తా శెట్టిగారూ. నేను బతికున్నన్నాళ్లూ ఏటా ఒక బుట్ట చిన్నరసాలివ్వండి చాలు" అన్నాడు.

రెండు వేసవులు దాటడని లెక్కేసి వెంటనే ఒప్పుకున్నాను.

ఆరు వేసవులు వచ్చాడు. ఆపరేషన్లో అన్నవాహిక తీసేసి, పొట్టను పైకి లాగి గొంతు దగ్గర కుట్టారట. కొట్లో నిటారుగా కూర్చుని, ఒక్క పండు రసం గంటసేపు చెంచాతో తాగేవాడు. చెంచా చెంచాకీ గుండెల మీద అరచెయ్యి పెట్టుకుని "ఉండండి, దిగుతోంది" అనేవాడు. మిగతా బుట్ట మా పిల్లలకని వదిలేసి వెళ్లేవాడు.

"ఇంకా ఎన్నేళ్లండీ ఇలా?" అని ఓసారి విసుక్కున్నాను.

"తినడమే పెద్ద కూలిపనైపోయింది, నాకూ విసుగ్గానే ఉంది" అని నవ్వాడు. "ఇంతకీ మీరు ఎన్నేళ్లకి లెక్కేశారేంటి?"

నేను తూకం వైపు తిరిగాను.

ఏడో వేసవిలో బుట్ట కట్టి ఉంచాను. ఆయన రాలేదు.

నిజం లెక్క చెబుతున్నాను. ఆయనకు నేనిచ్చినవి ఆరు పండ్లు. ఆయన తగ్గించిన ధర మాత్రం మొత్తం నేనే ఉంచుకున్నాను.