సాక్ష్యంలో నేను వదిలేసిన ముక్క

మిరపకాయల కల్లంలో అందరూ దగ్గుతారు. ఎండిన కాయను గోతాల్లోకి తొక్కేటప్పుడు ఆ ఘాటుకి కళ్లు, ముక్కు, గొంతు ఒకేసారి మండుతాయి. ఆ రోజు మా ఆయన ఏసోబు తన పని మానుకుని నాతో కల్లానికి వచ్చాడు. ఆయనది మార్టూరు దగ్గర గ్రానైటు పాలిష్ పని. పదహారేళ్లుగా ఆ రాతిపొడిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం అన్నాలకి లేచి గట్టు మీదికి పోయాం. కాసేపటికి మా అందరి దగ్గూ ఆగింది. ఆయనది ఆగలేదు. అన్నం గిన్నె పక్కన పెట్టి, మాకు వీపు తిప్పి కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు. అప్పుడు ఆ వీపు చూశాను. చొక్కా లోపల మనిషి సగమయ్యాడు. ఒకే ఇంట్లో ఉండి నేను చూసుకోలేదు.

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో రెండుసార్లు కఫం తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు. "టీబీ అమ్మా. స్ప్యూటమ్ పాజిటివ్, కఫంలో క్రిములు కనిపించాయి. ఆరు నెలలు మాత్రలు మింగాలి. ఒళ్లు బాగున్నా ఆపకూడదు" అన్నారు డాక్టరు గారు. నాకూ పరీక్ష చేసి లేదన్నారు. మా ఊళ్లో ఆరోగ్య కార్యకర్త విజయ ఆ మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చేది. మొదట్లో మూత్రం ఎర్రగా వచ్చిందని భయపడ్డాడు. వాంతులయ్యాయి. రెండో నెలకి జ్వరం పోయి ఆకలి పుట్టింది. కఫం పరీక్ష నెగటివ్ వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు, సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మేలు పొందినవాళ్లు లేచి నలుగురిలో చెప్పుకోవడం మాలో ఉన్నదే. నేను ఎప్పుడూ లేచిన మనిషిని కాదు. ఆ రోజు లేచాను. మా ఆయన మందులు వాడుతున్నాడని, అందరి ప్రార్థనలూ దేవుడు విన్నాడని మొదలుపెట్టాను. ఆ తర్వాత మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఎక్కడ ఆగితే జనం ఊపిరి బిగబడతారో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎవరూ నేర్పకుండానే తెలిసింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నా మాట కోసం ఎవరూ ఎదురుచూడలేదు. పనిలోకి రమ్మనో, ఇక చాల్లే ఊరుకోమనో అనేవాళ్లే తప్ప.

బయటికి వచ్చాక పాస్టరు గారు పక్కకు పిలిచి, "ఎక్కడ చెప్పినా మందులు మానొద్దని కూడా చెప్పమ్మా" అన్నారు. సరేనన్నాను.

చుట్టుపక్కల ఊళ్ల ప్రార్థన కూటాలకు పిలిచారు. నాలుగు ఊళ్లలో చెప్పాను. రెండో ఊళ్లో, మందుల మాట వచ్చిన చోట జనం చల్లబడటం గమనించాను. మూడో ఊళ్లో ఆ ముక్క తీసేశాను. ఎవరూ తీయమనలేదు. అది లేకపోతే చెప్పేది బాగా నిలబడుతోందని నేనే తీసేశాను. ఆ రోజు మగవాళ్ల వైపు చాప మీద మా ఆయన కూడా కూర్చుని విన్నాడు.

ఐదు నెలలు గడిచాయి. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ నెత్తురు కక్కాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. మందులు పనిచేస్తాయో లేదో తేల్చే సీబీనాట్ అనే కఫం పరీక్ష చేశారు. అక్కడి డాక్టరు, మధ్యలో మందులు ఆపాడా అని అడిగారు. ఒక్క పూట కూడా ఆపలేదని గట్టిగా నేనే చెప్పాను. అప్పటికి మాట్లాడటం నాకు బాగా అలవాటైపోయింది.

మా ఆయన మంచం మీద తల వంచుకుని, "ఆపాను సార్" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"మందుల్లేకుండానే తగ్గిందని ఇది అంతమందిలో చెప్పింది సార్. నేను రోజూ మింగతా ఉంటే, చూసినోళ్లు దీన్ని అబద్ధాలకోరు అంటారు గదా."

విజయ తెచ్చిన మాత్రల్ని పెరట్లో పత్తికంప మోపుల కింద దాచాడట. దగ్గు మళ్లీ మొదలైనా నా దగ్గర దగ్గకుండా పనిచోట దగ్గేవాడట.

"రెసిస్టెన్స్ వచ్చిందమ్మా. పాత మందులు ఇక పనిచేయవు. పైగా సిలికోసిస్ కూడా ఉంది, ఊపిరితిత్తుల నిండా రాతిపొడే" అన్నారు డాక్టరు. మాత్రలు ఆపకుండా ఉండుంటే బాగుపడేవాడా అని అడిగాను. చెప్పలేనన్నారు. ఆ మాట పట్టుకుని ఈనాటికీ ఎటూ తేలకుండా ఉన్నాను.

కొత్త మందులకి ఒళ్లు నల్లబడింది, అరికాళ్లు మంటలెత్తాయి. చివరికి ఆక్సిజన్ పెట్టారు. మాస్కు సర్దుతూ, నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను.

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఊరుకుంటే గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది జరిగిన నాలుగో రోజు పోయాడు.

ఏడాదిపాటు నేను నలుగురిలో నోరు తెరవలేదు. చర్చిలో గోడ పక్కన కూర్చునేదాన్ని. ఏసోబుకి జబ్బు తగ్గిందిగానీ రాతిపొడే చంపిందని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు.

తర్వాత ఒకరోజు విజయ వచ్చింది. నేను చివర సాక్ష్యం చెప్పిన నాలుగో ఊళ్లో ఒకామె టీబీ మాత్రలు సగంలో ఆపేసిందట. ఎంత చెప్పినా, ఏసోబుకి తగ్గినట్టే నాకూ తగ్గుద్ది అంటోందట. "నేను చెబితే వినట్లేదక్కా. నువ్వే వచ్చి చెప్పాలి" అంది. నలుగురిలో ఇక నోరు తెరవలేనన్నాను. నేను పెట్టిన మాట ఆ ఇంట్లో ఇంకా పనిచేస్తోందని మాత్రం అర్థమైంది.

అప్పుడు విజయే నన్ను చిలకలూరిపేటలో ఒక క్లబ్బుకి తీసుకెళ్లింది. ట్యుటోరియల్ కాలేజీ మేడమీద ఆదివారం మధ్యాహ్నం ఒక రిటైరైన మాస్టారు నడుపుతారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకుంటారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. మొదటి వారం పేరు చెప్పి కూర్చున్నాను. మూడో వారం అంతా చెప్పాను. గంట మోగినా ఎవరూ పట్టించుకోలేదు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి, "ఆంటీ, ఆయన ఆపానన్నాడు అని చెప్పి ఆగారు చూడండి, ఆ పాజ్ సూపర్" అంది.

ఆ చప్పట్లకి నా ఒంట్లో పాత సంతోషమే లేచింది. మనిషి పోయినా అది చావలేదు. మెట్ల మీదికి పోయి వాంతి చేసుకున్నాను. మాస్టారు నీళ్లు తెచ్చి ఇచ్చి, బాగా మాట్లాడటం తప్పు కాదమ్మా అన్నారు.

"నా ఇంట్లో తప్పయింది సార్. బాగా చెప్పకుండా చెప్పడం నేర్పండి" అన్నాను.

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత, చివర చెప్పదలుచుకున్నది మొదటే చెప్పెయ్యమన్నారు. ఎక్కడా ఆగొద్దన్నారు, గొంతు తగ్గించొద్దన్నారు. అలా చెప్పడం నాకు ఏడు వారాలు పట్టింది.

అప్పుడు నాలుగో ఊరు వెళ్లాను. "మా ఆయన చచ్చిపోయాడు. మందులు ఆపాడు. నేను మీకు చెప్పిన సాక్ష్యం వల్లే ఆపాడు" అని మొదలుపెట్టాను. ఎవరూ ఏడవలేదు. స్తోత్రం అని ఒక్కరూ అనలేదు. మాత్రలు మానేసిన ఆమె వెనక వరసలో కూర్చుని ఉంది. సగంలో లేచి వెళ్లిపోయింది. నేను దిగి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక ముసలాయన, "పోయినసారి బాగా చెప్పావమ్మాయ్. ఈసారి అంత లేదు" అన్నాడు.

మిగతా మూడు ఊళ్లకీ వెళ్లాను. ఎక్కడా మళ్లీ పిలవలేదు. ఇప్పుడు మిరపకాయల తొడాలు తీయడానికి పోతున్నాను, ఆదివారం మధ్యాహ్నం క్లబ్బుకి పోతున్నాను. రాత్రుళ్లు నిద్ర లేదు. ఆ ఊరి ఆమెకి మళ్లీ పరీక్ష చేశారని, మందులు మొదలుపెట్టారని విజయ చెప్పింది. మింగుతోందో, ఎక్కడైనా దాస్తోందో నాకు తెలియదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, డాక్టరు ఆపమనే దాకా తగ్గిందని ఎవరికీ చెప్పకండి. మింగావా అని అడిగి మీ పనిలో మీరు పడకండి. ఆ మనిషి మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగేదాకా ఎదురుగా కూర్చోండి. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు మీరేమీ మాట్లాడకుండా కూర్చోండి.