పండుకి మాత్ర వేసిన చెయ్యి

మా పక్కింటి పిన్నిగారు పోయారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారట, కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆ కబురు చెప్పింది పై వాటాలో ఉండే ఆవిడ మరిది. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ కన్నీళ్ళ విలువెంతో మీకే తెలుస్తుంది.

ఏలూరులో మా వీధి వీధంతటికీ ఆవిడ పిన్నిగారే. భర్త పోయాక కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. ఒక్కరే అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "పండు లేడుటమ్మా?" అనేవారు. పండు చెవి చిరిగిన ముసలి పిల్లి. ఆవిడకి 'వాడు' కాబట్టి నాకూ వాడే.

ఆ పండు ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలెట్టాడు. పగలనక రాత్రనక ఒకటే అరుపు. ఎవరింట్లో చేప వేగినా అక్కడ ప్రత్యక్షం. "వదిన దానికి కూడు పెట్టదు కాబోలు" అని మరిది వీధిలో నలుగురి ముందూ అన్నాడు. పిన్నిగారు వాణ్ణి బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రక్తం పరీక్ష చేసి థైరాయిడ్ అన్నారు. ఆ గ్రంథి మితిమీరి పనిచేస్తోందనీ, రెండు పూటలా మాత్ర పడాలనీ, మానేస్తే గుండెకే ముప్పనీ చెప్పారు.

మరిది మెట్ల మీద నిలబడి పకపకా నవ్వాడు. "మా ఇంట్లో ఆడాళ్ళకే అనుకున్నానండీ, పిల్లికి కూడానా!"

ఆయన భార్యకీ థైరాయిడే. పాపం, ఆవిడ మంచి మనసుతోనే తన మాత్రల సీసా పట్టుకొచ్చింది. "వేరే కొనడమెందుకండీ అక్కయ్యగారూ, నావే వేసెయ్యండి."

"నీది నిద్రపోయే థైరాయిడమ్మా, వీడిది నిద్రపోనిది. నీ మాత్ర పడితే వీడు చస్తాడు" అంటూ పిన్నిగారు సీసా ఆవిడ చేతిలోనే పెట్టేశారు.

పిన్నిగారు శీలావతి చేప ముక్క ఉడకబెట్టి, ముళ్ళు తీసి, మాత్ర లోపల దాచి తినిపించేవారు. మింగాడో లేదో అని గొంతు నిమిరేవారు. ఆనక వాడి పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసేవారు. కార్తీకంలో తాను ఉపవాసాలుంటూ కూడా వాడికి చేప తెప్పించేవారు. ఇదేమిటండీ అంటే, "కార్తీకం నాకు గానీ వాడికా?" అన్నారు. నాకూ ఆ పని నేర్పారు. "నేను ఊరెళ్తే నువ్వే దిక్కమ్మా" అనేవారు. ఎన్నడూ ఏ ఊరూ వెళ్ళలేదు.

ఆవిడ పోయిన రోజు రెండు పూటలా మాత్ర నేనే వేశాను. మర్నాడు వెళ్తే కింది వాటాకి తాళం. పై వాటాకెక్కి మరిదిని అడిగాను.

"పండేడండీ బాబాయిగారూ?"

"కొల్లేరు దగ్గర చేపల చెరువు గట్టున వదిలేసి వచ్చానమ్మా. ఇంక దానికేం లోటు? రోజూ పెళ్ళిభోజనమే!"

పుణ్యం మూటగట్టుకున్నవాడిలా చెప్పాడు. నీళ్ళలో చేప గట్టెక్కి పిల్లి నోట్లో దూకుతుందా? మరి ఆ మాత్ర ఎవడు వేస్తాడు? ఏ చెరువో చెప్పేదాకా ఆయన గుమ్మం వదల్లేదు నేను. వెంటనే ఆటో కట్టించుకుని వెళ్ళాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ సాయంత్రం దొరికాడు, మేత బస్తాల వెనక.

"ఎంత పెట్టినా అరుస్తానే ఉందండీ. ఏలికపాములేమో అనుకున్నామండీ" అంది చెరువు కాపలావాడి భార్య. పండు డొక్క మీద చెయ్యి వేస్తే గుండె కుట్టుమిషన్లా కొట్టుకుంటోంది. ఆ గట్టు మీదే మాత్ర మింగించాను.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మరిది బంతుల మధ్య తిరుగుతూ, "మా వదినగారి పేరు చెప్పి ఏ ప్రాణినీ ఆకలితో పంపనండీ" అంటున్నాడు. నేను బుట్టతో వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. మా వైపు తిట్టాలన్నా 'అండీ' తీసెయ్యం.

"బాబాయిగారూ, ఈ ప్రాణిని చెరువు గట్టున మర్చిపోయారండీ. తెచ్చానండీ."

మూత తీశాను. పండు ఒక్క అరుపు అరిచాడు. విస్తళ్ళ మీద చేతులాగిపోయాయి. వడ్డిస్తున్న ఆయన భార్య పులుసు గిన్నె కింద పెట్టేసింది. "మాత్ర మానేస్తే ఎలా ఉంటుందో నన్ను చూసి కూడా తెలీలేదుటండీ?" అంది. ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. కళ్ళారా చూశాను. కడుపు నిండింది.

పిన్నిగారైతే క్షమించేవారు. నేను పిన్నిగారిని కాను. పండుని మా ఇంటికే తెచ్చుకుని మాత్ర వేస్తున్నాను, ఆ చేత్తోనే నా కక్షకీ మేత వేస్తున్నాను. వాడిప్పుడు కాస్త ఒళ్ళు చేశాడు, అరుపూ తగ్గింది.

ఒక్క సాయంత్రం పూట మాత్రం తగ్గలేదు. మరిది కింది వాటాకి టులెట్ బోర్డు కట్టాడు. చీకటి పడే వేళకి పండు గోడ దూకి వెళ్ళి, ఆ తాళం వేసిన తలుపు ముందు కూర్చుని పిన్నిగారి కోసం అరుస్తాడు. పైన కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. నేను పిలిస్తే పండు వచ్చేస్తాడు. నేను పిలవను.